చిన్న పడవకు సొంతంగా చేసుకునే లంగరు: బరువు పెంచాలా, తాడు పెంచాలా?

ఏటిగట్టు

అందరికీ నమస్కారం. నాది 12 అడుగుల ఫైబర్ పడవ. తెడ్లు, ఒక చిన్న మోటారు ఉన్నాయి. ఇద్దరం కూర్చుని గాలాలు వేసుకుంటాం. ఎక్కువగా రిజర్వాయరు నీళ్లలోనే, అప్పుడప్పుడు నదిలో పారుడు తక్కువగా ఉన్న చోట. లోతు 4 మీటర్లకు మించదు.

ఇప్పుడు వాడుతున్నది పెయింటు డబ్బాలో కాంక్రీటు పోసి, మధ్యలో ఇనుప కొక్కెం నిలబెట్టి చేసిన దిమ్మ. తూకం 10 కిలోలు, తాడు 8 మీటర్లు. పొద్దున గాలి లేనప్పుడు పడవ కదలదు. ఎండెక్కి గాలి లేచిందంటే మాత్రం దిమ్మను ఈడ్చుకుంటూ పోతుంది. సరిగ్గా చేపలు పడుతున్న సమయంలో చోటు తప్పిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. దిమ్మను 20 కిలోలకు పెంచుదామని ఆలోచన. సొంతంగా చేసుకున్నవాళ్లు మీ లంగరు ఎలా ఉంటుందో చెప్పండి. వెల్డింగ్ చేయించుకునే వీలుంది, కాబట్టి ఇనుప పనికి ఇబ్బంది లేదు.

నీటిలెక్క

20 కిలోల దిమ్మ పోయకండి. ఎత్తి దించలేక నడుం పోతుంది, లాభం కొంచెమే. ఎందుకో లెక్క చూడండి.

కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2400 కిలోలు, నీళ్లు 1000 కిలోలు. అంటే నీళ్లలో మునగగానే మీ 10 కిలోల దిమ్మ 5.8 కిలోలే తూగుతుంది. ఆ దిమ్మ నేలలోకి దిగదు, నేల మీద కూర్చుంటుంది. అలా కూర్చున్న వస్తువును పక్కకు లాగడానికి దాని బరువులో సుమారు సగం బలం చాలు. అంటే 3 కిలోల లాగుడు తగిలితే జారడం మొదలవుతుంది.

ఇక గాలి సంగతి. ఇద్దరు కూర్చున్న పడవ గాలికి ఎదురుగా నిలబడితే గాలి తగిలే మేర ఒకటిన్నర చదరపు మీటర్లు అనుకుందాం. గంటకు 18 కిలోమీటర్ల గాలిలో లాగుడు 2 కిలోలు దాటుతుంది. గంటకు 36 కిలోమీటర్లయితే 9 కిలోలు. గాలి వేగం రెండింతలైతే బలం నాలుగింతలు. మీ దిమ్మ పొద్దున ఆగి మధ్యాహ్నం జారడానికి కారణం ఇదే. 20 కిలోలు పోసినా నీళ్లలో 11.6 కిలోలు, పట్టు 6 కిలోల లోపే. 9 కిలోల లాగుడుకు అదీ జారుతుంది.

రాయి, ఇసుక మూట కూడా ఈ విషయంలో కాంక్రీటుకు అన్నదమ్ములే, 10 కిలోలకు నీళ్లలో 6 కిలోల పైచిలుకు మిగులుతుంది. ఇనుమైతే 8.7 కిలోలు. ఇనుము మెరుగే గానీ, నేలలో గుచ్చుకోని ఇనుప ముద్ద కూడా జారేదే.

పాతగాలం

లెక్క బాగుంది. అయినా దిమ్మను పూర్తిగా కొట్టిపారేయొద్దు. నేను చెరువులో ఎన్నో ఏళ్లుగా దిమ్మలే వాడుతున్నాను. గాలి లేని నీళ్లలో ముందొకటి, వెనకొకటి నిలువుగా దించితే పడవ అటూ ఇటూ ఊగకుండా ఉంటుంది, గాలాలు చిక్కుపడవు. నీటి అడుగున చెట్ల మొద్దులుంటే కొక్కేల లంగరు దిగినచోటే ఉండిపోతుంది. దిమ్మ మాత్రం ఎప్పుడైనా పైకొస్తుంది.

పోసేవాళ్లకు ఒక సలహా. కొక్కెం కడ్డీని నిటారుగా గుచ్చి వదిలేస్తే కొన్నాళ్లకు ఊడి వస్తుంది. కింది కొసను ఎల్ ఆకారంలో వంచి పోయండి. ఉత్త ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు లోపల్నుంచి పగులుతుంది, అందుకని గాల్వనైజ్డ్ కడ్డీ మేలు. కనీసం వారం రోజులు తడిపి ఉంచాకే నీళ్లలో వేయండి.

ఉప్పుగాలి

ఏటిగట్టు గారూ, మీ పోస్టులో దిమ్మ కంటే నాకు ముందు కనబడింది 8 మీటర్ల తాడు. 4 మీటర్ల లోతులో 8 మీటర్ల తాడంటే తాడు నేలతో 30 డిగ్రీలు పైనే లేచి ఉంటుంది. ఆ కోణంలో లాగుడులో సగం లంగరును పక్కకు కాదు, పైకి లాగుతోంది. ఎంత మంచి లంగరైనా ఇలా పైకి లాగితే ఊడొస్తుంది.

మామూలుగా అందరూ పాటించే కొలత ఇది: ఆగేది కాసేపే, నీళ్లు నిలకడగా ఉన్నాయంటే లోతుకు 3 రెట్లు తాడు. గాలి ఉంటే 5 రెట్లు. నిద్రపోవాలన్నా, గాలి ముదిరేలా ఉన్నా 7 రెట్లు, ఇంకా ఎక్కువైనా మంచిదే. తాడు తిన్నగా బిగిసిందనుకుంటే 3 రెట్లకు కోణం 19 డిగ్రీలు, 5 రెట్లకు పదకొండున్నర, 7 రెట్లకు 8. చూశారుగా, 3 నుంచి 5కి వెళ్లినప్పుడే పెద్ద తేడా వస్తుంది.

లోతు అంటే నీటి మట్టం నుంచి కాదు, తాడు కట్టిన కొక్కెం దగ్గర్నుంచి నేల దాకా. ఆటుపోట్లున్న చోట పోటు నీళ్లు కూడా కలుపుకోవాలి. లోతు 4 మీటర్లు, పడవ ముక్కు ఎత్తు అర మీటరు, పోటుకు ఇంకో మీటరున్నర పెరుగుతుందంటే మొత్తం 6 మీటర్లు. 5 రెట్లంటే 30 మీటర్లు, 7 రెట్లంటే 42. మీకు రిజర్వాయరులో పోటు లేదు కాబట్టి నాలుగున్నర మీటర్ల లెక్కన 23 నుంచి 32 మీటర్లు చాలు.

లంగరుకూ తాడుకూ మధ్య 2, 3 మీటర్ల గొలుసు పెట్టండి. 6 మిల్లీమీటర్ల గొలుసు మీ పడవకు బాగా సరిపోతుంది. గొలుసు చేసే పనులు రెండు: తన బరువుతో లంగరు కాడను నేలకు ఆనించి ఉంచుతుంది, అడుగున రాళ్లకూ గుల్లలకూ రాసుకుని తాడు తెగకుండా కాపాడుతుంది.

ఏటిగట్టు

తాడు సంగతి ఇంతుందని ఇప్పుడు అర్థమైంది. 30 మీటర్ల తాడు, గొలుసు చూస్తాను. మరి లంగరు ఏ ఆకారంలో చేయించాలి? మా రిజర్వాయరు అడుగంతా మెత్తటి బురద, ఒక పక్క మాత్రం మునిగిపోయిన చెట్ల మొద్దులు. నదిలో ఇసుక.

కొలిమిపని

నేను వెల్డింగ్ పనిలోనే ఉన్నాను, లంగర్లు చాలానే చేశాను. నేలను బట్టి చెబుతాను.

రాళ్లకూ మొద్దులకూ నాలుగు కొక్కేల లంగరు. కాడకు ఒక అంగుళం ఇనుప గొట్టం, పొడవు 40, 45 సెంటీమీటర్లు. కొక్కేలకు కడ్డీలు గొట్టంలో దూర్చి, కింద అరచెయ్యంత పొడవు బయట ఉంచి పైకి వంచాలి. ఇక్కడే అందరూ లావు కడ్డీ అడుగుతారు, నేను ఇవ్వను. కొక్కెం ఇరుక్కుంటే గట్టిగా లాగినప్పుడు వంగి తిన్నగా కావాలి, అప్పుడే లంగరు పైకొస్తుంది. చిన్న పడవకు 8 మిల్లీమీటర్ల మెత్తటి కడ్డీ చాలు. పైకొచ్చాక చేత్తోనో, గొట్టం తొడిగో మళ్లీ వంచుకోవచ్చు. మెలితిరిగిన టోర్ కడ్డీ గట్టిగా ఉంటుంది, నాలుగైదు సార్లు వంచితే విరుగుతుంది. సాదా మైల్డ్ స్టీల్ కడ్డీయే వాడండి.

ఇదే లంగరు బురదలో పనిచేయదు. సన్నటి కడ్డీలు వెన్నలో కత్తి దిగినట్టు బురదను కోసుకుంటూ వచ్చేస్తాయి. బురదకూ ఇసుకకూ వెడల్పాటి రెక్కలుండాలి. 4 మిల్లీమీటర్ల రేకులో రెండు త్రిభుజాలు కోసి, కింది ఇరుసు మీద కాడకు అటూ ఇటూ తిరిగేలా పెట్టాలి. రెక్క ఎటు పడినా కాడతో 30 డిగ్రీల దగ్గర ఆగేలా ఇరుసు దగ్గర అడ్డు వెల్డ్ చేయాలి. ఇసుకకు ఆ కోణమే మంచిది. పూర్తిగా మెత్తటి బురదకు 45 దగ్గరికి పెంచితే ఇంకా బాగా దిగుతుంది. ఇరుసును రెండు పక్కలా పొడుగ్గా వదలండి, లేకపోతే లంగరు పక్కకు దొర్లిపోతుంది. రెక్కల కొసలు గ్రైండింగ్ చేసి పదును పెట్టండి. మొద్దు కొస నేలలోకి దిగదు, మీద జారుతుంది. రెండు రెండున్నర కిలోల్లో అయిపోతుంది. ఇసుకలో సరిగ్గా గుచ్చుకుంటే మీ 20 కిలోల దిమ్మ దాని దరిదాపుల్లోకి కూడా రాదు.

ఇంకో ముఖ్యమైన మాట. గాల్వనైజ్డ్ ఇనుమును వెల్డ్ చేసేటప్పుడు తెల్లటి పొగ వస్తుంది, అది జింకు పొగ. పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం వచ్చి ఒళ్లంతా విరిచేస్తుంది. వెల్డ్ చేసే చోట పూత గీకేసి, ఆరుబయట, పొగ మొహం మీదికి రాకుండా గాలి పక్కనుంచి తగిలేలా కూర్చుని చేయమనండి. పని అయ్యాక జింకు పెయింటు వేస్తే సరిపోతుంది.

వల_గాలం

సీసం కరిగించి పోస్తే చిన్నగా, బరువుగా ఉంటుంది కదా? నీళ్లలో కూడా బరువు పెద్దగా తగ్గదు.

కొలిమిపని

తగ్గదు, 10 కిలోలకు 9 కిలోలు మిగులుతుంది. అయినా ఇంట్లో వద్దు. సీసం ఆవిరి, ధూళి ఒంట్లోకి పోతే, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో, చాలా ప్రమాదం. అచ్చులో ఒక్క చుక్క తడి ఉన్నా కరిగిన సీసం పేలి మొహం మీద పడుతుంది. లంగరు తెగి నీళ్లలో మిగిలిపోతే అక్కడ సీసం వదిలినట్టే.

ఉప్పుగాలి

కొలిమిపని గారు చెప్పిన రెక్కల లంగరు నమూనా అమెరికాలో రిచర్డ్ డాన్‌ఫోర్త్ తయారుచేసింది, రెండో ప్రపంచ యుద్ధంలో తీరానికి చేరే సైనిక పడవల్లో బాగా వాడారు. దానికి ముందే, 1933లో, జెఫ్రీ ఇంగ్రమ్ టేలర్ అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త నాగలి ఆకారంలో లంగరు చేశాడు. ఆయనకు సొంతంగా తెరచాప పడవ నడిపే ఇష్టం ఉండేది. ఇద్దరూ వెతికింది తక్కువ బరువుతో ఎక్కువ పట్టు. చిన్న పడవవాళ్లకు కావలసింది కూడా అదే.

మంచి లంగరు చేయించుకుని చాలామంది పైనుంచి విసిరేస్తారు. విసిరితే గొలుసు వచ్చి లంగరు మీదే కుప్పపడుతుంది, రెక్కలకు చుట్టుకుంటుంది. పడవను గాలికి ఎదురుగా తీసుకెళ్లి ఆపండి. లంగరును చేత్తో మెల్లగా దించండి. నేల తగిలిందని చేతికి తెలుస్తుంది. పడవను వెనక్కి కొట్టుకుపోనిస్తూ తాడు వదులుతూ ఉండండి. లోతుకు 3 రెట్లు వదిలాక ఒకసారి మెల్లగా బిగించండి, రెక్క నేలను పడుతుంది. మిగతా తాడు కూడా వదిలి కట్టేసి, మోటారు ఉంటే నెమ్మదిగా వెనక్కి నడిపి చూడండి. తాడు బిగిశాక దాని మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. లంగరు జారుతుంటే తాడు గరగరమని అదురుతుంది, పట్టు దొరికితే ఆ అదురు ఉండదు. గట్టున రెండు గుర్తులు, ఒకటి ముందు, ఒకటి దాని వెనక, ఒకే వరసలో ఉండేలా చూసుకోండి. ఆ రెండూ విడిపోతే మీరు కదులుతున్నట్టే.

ఏటిగట్టు

మొద్దుల దగ్గర రెక్కల లంగరు ఇరుక్కుపోతే? నాకు ఎక్కువ చేప పడేది అక్కడే.

తెడ్డుకాడ

దానికి చాలా తేలికైన ఏర్పాటు ఉంది. గొలుసును కాడ పైన ఉన్న రింగుకు బిగించకండి. లంగరు అడుగున, రెక్కలు కలిసేచోట ఒక రంధ్రమో రింగో పెట్టించి, గొలుసు చివరను షాకిల్‌తో (మరతో మూసే ఇనుప కొక్కెం) అక్కడ బిగించండి. గొలుసును కాడ వెంట పైకి తెచ్చి, పై రింగుకు ఒక సన్నటి ప్లాస్టిక్ టై తోనో, రెండు పేటల సన్నదారంతోనో కట్టండి. మామూలుగా లాగుడు పై రింగు నుంచే పడుతుంది. ఇరుక్కుపోయినప్పుడు పడవను లంగరు పైకి తెచ్చి నిలువుగా గట్టిగా లాగితే టై తెగుతుంది, లాగుడు అడుగుకు మారి లంగరు తోకవైపు నుంచి వెనక్కి ఊడొస్తుంది.

టై ఎంత గట్టిది ఉండాలన్నదే అసలు పని. మరీ సన్నదైతే గాలికే తెగి లంగరు ఊడిపోతుంది. ముందు గట్టు మీద చెట్టు మొదలుకు తగిలించి, చేత్తో లాగి చూసుకోండి. పూర్తి బలం పెడితే తెగాలి, ఒంటి చేత్తో లాగితే తెగకూడదు. గాలి ఎక్కువున్న రోజు దీన్ని నమ్ముకుని పడవలో నిద్రపోవద్దు.

వల_గాలం

తాడు ఏది మంచిది? ప్లాస్టిక్ తాడు ఇంట్లోనే ఉంది.

ఉప్పుగాలి

నైలాన్. సాగుతుంది కాబట్టి అల తగిలినప్పుడు వచ్చే కుదుపును తాడే మింగుతుంది, లంగరు దాకా పోదు. మామూలు ప్లాస్టిక్ తాడు, అంటే పాలీప్రొపిలీన్, నీళ్ల మీద తేలుతుంది. తేలే తాడు ఎవరి మోటారు పంకాకైనా చుట్టుకుంటుంది. పైగా ఎండకు పెళుసుబారుతుంది. మందం విషయానికొస్తే ఇంత చిన్న పడవకు 8 మిల్లీమీటర్లు కూడా బలానికి మించే ఉంటుంది, కానీ తడి చేతులతో లాగడానికి 10 మిల్లీమీటర్లు హాయి. పడవ అంచుకు రాసుకునే చోట పాత నీళ్ల పైపు ముక్క తొడగండి. షాకిల్ మర మెల్లగా విప్పుకుంటూ ఉంటుంది, మర కంట్లోంచి సన్నతీగ దూర్చి కట్టేయండి. తాడు మీద 5 మీటర్లకో రంగు గుర్తు పెట్టుకుంటే ఎంత వదిలారో లెక్క తప్పదు.

కయాక్_మిత్ర

నాలాంటి కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వాళ్ల కోసం. ఒకటిన్నర కిలోల మడత కొక్కేల లంగరు చాలు. ఇసుక నేలయితే వల సంచిలో గట్టున దొరికే రాళ్లు నింపుకుని, తిరిగొచ్చేటప్పుడు అక్కడే పారబోస్తే మోత తప్పుతుంది. కూర్చున్న చోటు నుంచి ముక్కు దాకా చెయ్యి అందదు కాబట్టి పక్కన ముందొక కప్పీ, వెనకొక కప్పీ బిగించి, వాటి మధ్య తాడును చుట్టుగా తిప్పి ఒక రింగు కట్టుకుంటాం. లంగరు తాడు ఆ రింగులోంచి పోతుంది. చుట్టుతాడు లాగితే రింగు ముక్కు దగ్గరికో, తోక దగ్గరికో జరుగుతుంది. కదలని నీళ్లలో దీనివల్ల చాలా సుఖం. గాలం ఎటు వేయాలంటే పడవ ముఖం అటు తిప్పుకోవచ్చు.

పాతగాలం

నేను మోటారు పక్కనే, వెనక కట్టేస్తాను. లాగడం సుళువు.

నిర్వాహకుడు

పాతగాలం గారూ, మీ చెరువులో గాలి లేనప్పుడు అది నడుస్తుంది. కానీ ఈ చర్చ చదివేవాళ్లలో నదిలో, సముద్రపు అంచుల్లో తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి.

ఒక్క లంగరే వేస్తే ఎప్పుడూ పడవ ముక్కుకే కట్టండి. వెనక భాగం చదునుగా, తక్కువ ఎత్తుతో ఉంటుంది. దాని మీదే మోటారు బరువు, చాలాసార్లు మనిషి బరువు కూడా ఉంటాయి. అక్కడ లంగరు కడితే పారుడు ఆ భాగాన్ని ఇంకా కిందికి గుంజుతుంది. ఒక పెద్ద పడవ పక్కనుంచి పోయి అల లేపితే చాలు, నీళ్లు వెనక అంచు దాటి లోపలికి వస్తాయి. లోపలికొచ్చిన నీళ్ల బరువుకు వెనక ఇంకా దిగుతుంది, తరువాతి అల ఇంకా సులువుగా వస్తుంది. పడవ మునగడానికి నిమిషం కూడా పట్టదు. ముందూ వెనకా రెండు లంగర్లు వేసే అలవాటున్నవాళ్లు గాలి లేచినా, పారుడు పెరిగినా మొదట వెనకది తీసేయండి.

కయాక్ వాళ్లకు: పారే నీళ్లలో రింగు మధ్యలో ఉండగా లంగరు పట్టిందంటే పడవ అడ్డం తిరుగుతుంది. పైనుంచి వచ్చే నీళ్లు పక్కకు గుద్దుకుని బోల్తా కొట్టిస్తాయి. నదిలో లంగరు దించే ముందే రింగును కొసకు జరిపి ఉంచండి. పారుడు జోరుగా ఉన్నచోట అసలు లంగరే వేయొద్దు. నీళ్లు గాలి కంటే 800 రెట్లు చిక్కన, లాగుడు చాలా వేగంగా పెరుగుతుంది. లైఫ్ జాకెట్ పడవలో పెట్టుకోవడం కాదు, ఒంటి మీద ఉండాలి.

పాతగాలం

ఒప్పుకుంటున్నాను. చెరువు మాట చెరువుకే పనికొస్తుంది.

వల_గాలం

లోతు 40, 50 మీటర్లున్న చోట ఏం చేస్తారు? అంత తాడు మోయలేం కదా.

ఉప్పుగాలి

అక్కడ నేలను పట్టుకోవాలని చూడం, కొట్టుకుపోవడాన్ని నెమ్మది చేస్తాం. గట్టి ప్లాస్టిక్ బకెట్ అడుగున కొన్ని రంధ్రాలు పెట్టి, పిడికి తాడు కట్టి ముక్కు నుంచి నీళ్లలోకి వదిలితే అది నీటిని పట్టుకుని పడవ ముఖాన్ని గాలికి ఎదురుగా ఉంచుతుంది. గట్టి గుడ్డతో గరాటా ఆకారంలో కుట్టుకుంటే ఇంకా బాగా పనిచేస్తుంది. బకెట్ పిడి ఊడిపోతూ ఉంటుంది కాబట్టి అంచు చుట్టూ మూడు నాలుగు రంధ్రాలు చేసి అక్కడ తాళ్లు కట్టడం నయం.

ఏటిగట్టు

చివరి ప్రశ్న. నదిలో లంగరు ఇరుక్కుని, టై కూడా తెగకపోతే? మోటారుతో లాగొచ్చా?

తెడ్డుకాడ

నిలకడ నీళ్లలో అయితే తాడును ముక్కుకే కట్టి ఉంచి, ముందుకు నడిపి, మొదట లాగిన దిక్కుకు ఎదురు దిక్కులో మెల్లగా లాగండి. చాలాసార్లు ఊడుతుంది. పారే నీళ్లలో మాత్రం మోటారుతో గుంజులాట వద్దు. తాడు పక్కకు వచ్చి బిగిస్తే పడవ ఒరిగిపోతుంది.

అందుకే పడవ వైపు తాడును క్లీట్‌కు (తాడు చుట్టడానికి పడవకు బిగించే రెండు కొమ్ముల కొక్కెం) చుట్టండి, ముడి వేయకండి. ముడి బిగిశాక తడి తాడు విప్పడం ఎవరి వల్లా కాదు. చుట్టుగా ఉంటే ఒక్క క్షణంలో వదిలేయొచ్చు. తాడు ఆఖరి కొసకు ఒక చిన్న తేలే బుడ్డి కట్టి ఉంచండి, వదిలేసినా తరువాత నీళ్లు తగ్గాక వచ్చి తీసుకోవచ్చు. క్లీట్ దగ్గర చేతికందేలా రంపంలా పళ్లున్న కత్తి ఒకటి కూడా ఉండాలి, పెట్టె అడుగున కాదు. నైలాన్ తాడు బిగిసి ఉండగా కోస్తే కొస కొరడాలా వెనక్కి వస్తుంది, మొహం పక్కకు పెట్టుకుని కోయండి.

కొలిమిపని

ఆ క్లీట్ సంగతి కూడా చూసుకోండి. ఫైబర్ పడవకు ఉత్త స్క్రూలతో బిగిస్తే ఫైబర్‌తో సహా ఊడొస్తుంది. బోల్టులు అడ్డంగా దూర్చి, లోపలి వైపు అరచేయంత అల్యూమినియం రేకు గానీ, మందపాటి ప్లైవుడ్ ముక్క గానీ ఆన్చి నట్లు బిగించాలి. రంధ్రాల్లో సీలెంట్ పెట్టడం మరిచిపోవద్దు. రెక్కల లంగరు కొలతలు కాగితం మీద గీసి ఫొటో పెట్టండి, వెల్డింగ్‌కు ఇచ్చే ముందు ఒకసారి చూసి చెబుతాను.